నాయనమ్మ మిస్సయిందా, యాదికొస్తోందా?

సందేహం: నేను పిల్లల కథలు రాస్తుంటాను. ఇప్పుడు రాస్తున్న కథలో ఎనిమిదేళ్ల పాపకు నాయనమ్మ చనిపోతుంది. ఆ పాప చేత 'ఐ మిస్ యూ నాయనమ్మా' అనే మాటను తెలుగులో అనిపించాలి. 'నిన్ను మిస్సవుతున్నాను' అని రాస్తే ఇంట్లో పెద్దవాళ్లు బాగాలేదన్నారు. 'నిన్ను కోల్పోయాను' మరీ పుస్తకాల మాటలా ఉంది. దీనికి తెలుగు మాట లేదా? 'బెంగ' బతికున్నవాళ్ల మీదే పెట్టుకుంటామా?
– ఒక రచయిత్రి, తార్నాక, హైదరాబాద్

సమాధానం: మాటకు మాట వెతుకుతున్నారు కాబట్టి దొరకలేదు. చిక్కంతా వాక్యం కట్టులో ఉంది. ఇంగ్లీషులో 'నేను' కర్త. తెలుగులో ఒంటికీ మనసుకూ కలిగేవాటిని చాలావరకు అలా చెప్పం. నాకు ఆకలేస్తోంది, నాకు భయమేస్తోంది, నాకు ఏడుపొస్తోంది అంటాం. వేసేదీ వచ్చేదీ ఆకలి, భయం, ఏడుపు. మనిషి 'కు' తగిలించుకుని ఓ పక్కన నిలబడతాడు. (బళ్లో 'కి, కు, యొక్క, లో, లోపల' అని వల్లెవేసినవాళ్లకు ఈ 'కు' గుర్తుండే ఉంటుంది. వ్యాకరణం రాసిన చిన్నయసూరి దీన్ని షష్ఠీ విభక్తిలో చేర్చాడు.) 'భయపడ్డాను' అనే వాడుకా ఉంది, కాదనను. కానీ చీకట్లో పిల్లల నోట వచ్చేది 'భయమేస్తోంది' అనే.

'నాకు నాయనమ్మ గుర్తొస్తోంది' అన్న వాక్యం కూడా ఇదే కట్టు. ఇందులో కర్త నాయనమ్మ. మనిషి పోయినా వాక్యంలోకి వస్తూనే ఉంది. మీ పాపకు కావలసింది ఈ వాక్యమే అని నా నమ్మకం.

'మిస్' మన నోట పడ్డాక ఏమైందో కూడా చూడండి. మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌కు వెళ్లేసరికి వరంగల్ బస్సు కదిలిపోతే 'బస్సు మిస్సయింది' అంటాం. అరువు తెచ్చుకున్న మాటను కూడా మన కట్టులోకే లాక్కుని బస్సును కర్తను చేశాం. ఫోన్ మిస్సయిందంటే పోగొట్టుకున్నట్టు, మనిషి మిస్సయిందంటే తప్పిపోయినట్టు. 'నాయనమ్మ మిస్సయింది' అని చదివిన ఆరేళ్ల పిల్లవాడు ఆవిడ సికింద్రాబాద్ స్టేషన్లో తప్పిపోయిందనుకుంటే తప్పు వాడిది కాదు. నగరంలో పిల్లలు 'మిస్సవుతున్నా' అంటున్న మాట నిజమే. అలా మాట్లాడే పిల్ల సంభాషణలో ఉంటే ఉండనివ్వండి. కథ చెప్పే గొంతులో మాత్రం వద్దు.

బెంగ విషయం. ఊరెళ్లిన అమ్మ మీద బెంగపెట్టుకుంటారు, పోయిన అమ్మ మీదా పెట్టుకుంటారు. 'తల్లి పోయిన బెంగతో చిక్కిపోయాడు' నిక్షేపమైన తెలుగు. ఆ మాటలో మనసుతో పాటు ఒళ్లు కూడా ఉంది. బెంగపెట్టుకున్న పిల్ల అన్నం సరిగా తినదు, దానికి జ్వరం తగులుతుంది. కాబట్టి పాప తనంతట తాను చెప్పే మాటగా కంటే, పాపను చూసి పెద్దవాళ్లు అనుకునే మాటగా ఇది బాగా అతుకుతుంది. తెలంగాణ ఇళ్లలో ఇలాంటి చోట 'రంది' వినిపిస్తుంది. 'మనాది' ఇంకా లోతైనది, మనిషిని మంచాన పడేస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లకు దాన్ని అంటగట్టకండి, కథలో తాత ఉంటే ఆయనకు ఇవ్వండి.

ఇక 'యాది'. జ్ఞాపకం అనే అర్థమున్న ఫారసీ 'యాద్' ఉర్దూ మీదుగా మన ఇళ్లలోకి వచ్చి 'యాదికొచ్చింది' అని తెలుగు క్రియను జత చేసుకుంది. తెలంగాణ రచయిత సామల సదాశివ తన జ్ఞాపకాల పుస్తకానికి 'యాది' అనే పేరు పెట్టుకున్నారు. మా అమ్మ ఊళ్లో ఉన్నన్నాళ్లూ మా మనవరాలికి ఫోన్ చేసి 'నేను యాదికొస్తున్ననా బిడ్డా?' అని అడిగేది. అమ్మ పోయిన పదకొండో రోజు చుట్టాలంతా వెళ్లిపోయాక, ఆ పిల్ల అమ్మ కళ్లద్దాల డబ్బా తెరిచి, అద్దాలు గౌను అంచుతో తుడిచి, మళ్లీ డబ్బాలో పెట్టింది. ఏమిటమ్మా అంటే 'తాతమ్మ యాదికొస్తోంది' అంది. దానిది ఇంగ్లీషు బడి. ఆ మాట దానికి ఇచ్చి వెళ్లింది మా అమ్మే. మీరుండేది హైదరాబాద్‌లోనే కదా, ఈ మాట రాయడానికి జంకకండి.

మీరు అడగలేదు గానీ, మరణవార్త ఎలా చెప్పించారో కూడా చూసుకోండి. 'దేవుడి దగ్గరికి వెళ్లింది' అంటే పిల్లలు ఎప్పుడొస్తుందని అడుగుతారు. 'కాలం చేసింది' వాళ్లకు అర్థం కాదు. 'చనిపోయింది' అనండి. 'చను' అంటే వెళ్లడమే. 'చచ్చిపోయింది'లో ఉన్న మోటుతనం దీనికి లేదు, దాపరికమూ లేదు.

చివరగా ఒక మాట మీకు ఇవ్వాలనిపిస్తోంది: 'బోసి'. నగలు లేని మెడ బోసిమెడ, పళ్లు లేని నోరు బోసినోరు, మనిషి లేని ఇల్లు బోసిపోయిన ఇల్లు. మీ నాయనమ్మ పాత్రకు పళ్లు లేకపోతే కథ మొదట్లోనే ఆ బోసినవ్వును పాపకు ఒకటి రెండుసార్లు చూపించండి. తర్వాత ఒక సాయంత్రం పాప బడి నుంచి వచ్చి, సంచి దించకుండా గుమ్మంలోనే ఆగి, 'అమ్మా, ఇల్లు బోసిగా ఉంది' అనాలి.