ఫ్రాన్స్‌లో ఆరు తోటలా, నాలుగా? అందుకోసం చిట్టీ పాడాలా?

ప్రశ్న: మాది కడియం. నేనూ మావారూ ఇరవై రెండేళ్లుగా చిన్న నర్సరీ నడుపుతున్నాం, లెక్కలు నేనే చూస్తాను. వచ్చే ఏడాదికి మా పెళ్లయి ముప్ఫై ఏళ్లు. ఒక్కసారైనా ఫ్రాన్స్ తోటలు చూడాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాం. వర్సాయ్, వో-లె-వికోంత్, జివెర్నీ, విలాండ్రీ, షెనోన్సో, దక్షిణాన సముద్రం ఒడ్డున ఉన్న రోత్‌షీల్డ్ తోట అని ఆరు రాసుకున్నాం. తొమ్మిది రోజులకు మించి నర్సరీ వదల్లేం. ఏజెంటు ఇద్దరికీ కలిపి ఆరున్నర లక్షలు చెప్పాడు. మార్చిలో ఎఫ్‌డీ 4.30 లక్షలు చేతికొస్తుంది. మిగతాదానికి ఐదు లక్షల చిట్టీ పాడేద్దామంటున్నారు మావారు. 25 నెలల చిట్టీ, ఇది ఏడో నెల, పాట లక్షా ఇరవై వేల దగ్గర పోతోంది. అసలు ఆ చిట్టీ వేసింది షేడ్ నెట్లు మార్చడానికి. ఏం చేయమంటారు?

జవాబు: ముందు చిట్టీ సంగతి. పాడొద్దు. లక్షా ఇరవై వేలు వదులుకుని 3.80 లక్షలు తెచ్చుకోవడమంటే, మీ జాబితాలోని ఆరు తోటల టికెట్లన్నీ కలిపినా కానంత డబ్బుని ఒక్క తోట కూడా చూడకముందే పోగొట్టుకోవడం. పైగా ఆ డబ్బు షేడ్ నెట్లది. ఎండాకాలంలో మీ మొక్కల్ని కాపాడేవి అవే, మీ ఇల్లు గడిచేది ఆ మొక్కల మీదే. ఆ డబ్బుని అలాగే ఉంచండి. మీ ఎఫ్‌డీతోనే ఈ ప్రయాణం అవుతుంది, కాకపోతే తోటలు ఆరు కాదు, నాలుగు. ఏ నాలుగు అన్నదే అసలు ప్రశ్న.

తోటలు ఎంచుకునేటప్పుడు దాదాపు అందరూ టికెట్ ధర చూస్తారు. అది చూడాల్సిన చోటు కాదు. ఈ తోటల్లో టికెట్ చాలాచోట్ల పది నుంచి ఇరవై యూరోల లోపే. డబ్బు పోయేది దారిలోనూ, రాత్రి పడుకునే చోటా. కాబట్టి ప్రతి తోటకీ ఒకే ప్రశ్న వేయండి: దీన్ని కలిపితే నాకు కొత్తగా ఎన్ని రాత్రులు, ఎన్ని రైళ్లు పెరుగుతాయి? యూరో ఎటు పోతుందో తెలీదు కాబట్టి కాస్త జాగ్రత్తగా 110 రూపాయలు వేసి లెక్క చూద్దాం.

రోత్‌షీల్డ్ తోటనే తీసుకోండి. నీస్ పక్కన సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండ కొమ్ము మీద, బెయాట్రిస్ ఎఫ్రుసీ ద రోత్‌షీల్డ్ 1905లో స్థలం కొని కట్టించుకున్న మేడ, దాని చుట్టూ ఒక్కో తీరులో తొమ్మిది తోటలు. చాలా అందమైన చోటు, కాదనను. కానీ పారిస్ నుంచి నీస్‌కు వేగం రైల్లో కూడా దాదాపు ఆరు గంటలు, అంటే రానూపోనూ ఒక రోజు మొత్తం రైల్లోనే గడిచిపోతుంది. ఇద్దరికీ రైలు టికెట్లు 320 యూరోలు, రెండు రాత్రుల హోటల్ 280 అనుకున్నా 600 యూరోలు, అంటే 66,000 రూపాయలు, తోట టికెట్ ఇంకా కొననేలేదు. ఒక్క తోటకి అంత. దీన్ని తీసేయండి.

ఇప్పుడు విలాండ్రీ చూడండి. మీ ఇద్దరికీ ఫ్రాన్స్ మొత్తంలో ఒకే ఒక్క తోట చూపించమంటే నేను ఇదే చూపిస్తాను. 1906లో హోకిన్ కార్వాల్యో అనే స్పెయిన్ దేశపు శాస్త్రవేత్త, అమెరికన్ అయిన ఆయన భార్య ఆన్ కోల్‌మన్ ఆ కోటని కొన్నారు. ఆయన పరిశోధనలన్నీ పక్కనపెట్టి, అప్పటికి అక్కడున్న ఇంగ్లిష్ తరహా పార్కుని తీసేసి, పాతకాలపు తీరులో మళ్లీ తోట వేయించారు. అందులో కూరగాయల తోటే నేను చెప్పేది. ఒకే కొలతలో తొమ్మిది చదరపు మడులు, ఒక్కో మడిలో ఒక్కో ముగ్గు, ఆ ముగ్గులో రంగు నింపేది క్యాబేజీ, బీట్‌రూట్, గుమ్మడి, మిరప. ఏడాదికి రెండుసార్లు, వసంతంలో ఒకటి, వేసవిలో ఒకటి, మొత్తం మార్చి నాటుతారు, నేల అలసిపోకుండా పంట మార్పిడి చేస్తారు. ఏటా లక్షకు పైగా మొక్కలు నాటుతారు, అందులో దాదాపు సగం వాళ్ల గ్రీన్‌హౌస్‌లలోనే పెంచిన నారు. ఆ నారుని ఏ వారంలో పోసి ఉంటారు, ఎంత వృథా పోయి ఉంటుంది అని మీ ఇద్దరూ మడి పక్కన నిలబడి మాట్లాడుకుంటారు చూడండి, అలా మాట్లాడుకోగలిగేవాళ్లు అక్కడికి వచ్చేవాళ్లలో చాలా తక్కువమంది ఉంటారు.

విలాండ్రీకి తూర్ అనే ఊరి నుంచి వెళ్లాలి. పారిస్ నుంచి తూర్‌కు వేగం రైల్లో గంటా పావు, అక్కడినుంచి తోట దాదాపు పదిహేను కిలోమీటర్లు. నేరుగా రైలు లేదు, టాక్సీకి రానూపోనూ 80 యూరోలు పెట్టుకోండి, అక్కడ మాత్రం పొదుపు చేయకండి. తూర్‌లో రెండు రాత్రులు ఎలాగూ ఉంటున్నారు కాబట్టి షెనోన్సో దాదాపు అదే ఖర్చులో కలిసొస్తుంది. లోకల్ రైల్లో అరగంట, స్టేషన్ దిగితే కోట గేటు పక్కనే. షేర్ నది మీద వంతెనలా కట్టిన కోట, ఒక పక్క దియాన్ ద ప్వాతియే తోట, ఇంకో పక్క కాథరిన్ ద మెదిచి తోట. రాజు ప్రియురాలిదొకటి, రాణిదొకటి. రాజు చనిపోయాక రాణి ఆ కోటని ఆమె దగ్గర్నుంచి తీసేసుకుంది. తోటలుగా విలాండ్రీ అంత గొప్పవి కావు, ఉన్న మాట చెప్తున్నాను. కానీ రాత్రి అద్దె ముందే కట్టేశారు కాబట్టి ఈ తోటకి కొత్తగా అయ్యేది రైలు చార్జీ, టికెట్, అంతే.

జివెర్నీ గురించి మీకు చెప్పక్కర్లేదేమో, అయినా ఒక సంగతి చెప్తాను. చిత్రకారుడు క్లాడ్ మోనే 1883లో అక్కడ ఒక ఇంటికి అద్దెకు వచ్చాడు, 1890లో కొనుక్కున్నాడు, 1893లో రైలు పట్టాల అవతలి స్థలం కొని చెరువు తవ్వించబోతే ఊరివాళ్లు అడ్డం తిరిగారు, చెరువులో వేసే విదేశీ మొక్కలు నీళ్లని పాడుచేస్తాయని వాళ్ల భయం. అధికారులకు అర్జీలు పెట్టుకుని అనుమతి తెచ్చుకున్నాడు. ఆ చెరువులోని రంగుల కలువలు లతూర్-మర్లియాక్ అనే నర్సరీ నుంచి వచ్చాయి, అప్పటిదాకా చలిని తట్టుకునే కలువలంటే దాదాపు తెల్లవే, సంకరం చేసి వాటికి రంగులు తెచ్చిన నర్సరీ అది, 1889 పారిస్ ప్రదర్శనలో పెట్టింది. ప్రపంచమంతా మోనే కలువల బొమ్మల గురించి మాట్లాడుతుంది, వాటి వెనక ఒక నర్సరీవాడు ఉన్నాడన్న సంగతి మీలాంటివాళ్లకి తెలియాలి. పారిస్‌లోని సాఁ-లజార్ స్టేషన్ నుంచి వెర్నన్‌కి దాదాపు 50 నిమిషాలు, అక్కడినుంచి షటిల్ బస్సు. టికెట్ ముందే ఆన్‌లైన్లో, పొద్దున్నే లోపలికి వెళ్లేలా తీసుకోండి. సాయంత్రానికి కలువలు ముడుచుకుంటాయి, ఇది మీకు నాకంటే బాగా తెలుసు. తోట ఏప్రిల్ 1 నుంచి నవంబర్ 1 దాకానే తెరిచి ఉంటుంది.

మిగిలినవి వర్సాయ్, వో. రెండూ ఒకే మనిషి చేతివి, ఆంద్రె లె నోత్ర్. ఒకటే చూడండి. ఏదన్నది నాకూ కష్టంగానే ఉంది. వో-లె-వికోంత్ ముందు పుట్టింది. దాన్ని కట్టించింది ఆ దేశపు ఆర్థిక వ్యవహారాలు చూసే నికొలా ఫూకే. 1661 ఆగస్టు 17న రాజు పద్నాలుగో లూయీని పిలిచి పెద్ద విందు ఇచ్చాడు, సెప్టెంబర్ 5న అరెస్టయ్యాడు, మిగిలిన జీవితమంతా జైల్లోనే. రాజు ఆ తోటమాలిని, శిల్పుల్ని, చివరికి కుండీల్లోని నారింజ చెట్లని కూడా తీసుకెళ్లాడు, అలా మొదలైంది వర్సాయ్. గుంపు పడదనుకుంటే వోకి వెళ్లండి, మనసు నిండుతుంది. కానీ మీ తొమ్మిది రోజులకి నేను వర్సాయే అంటాను, ఎందుకంటే ఊరి రైలు టికెట్‌తోనే, ఒకవైపుకి మనిషికి రెండున్నర యూరోల పైచిలుకుతో వెళ్లొచ్చు, వోకి లాగా షటిల్ కోసం ఎదురుచూడక్కర్లేదు. శనివారమో ఆదివారమో వెళ్లండి, ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ఆ రోజుల్లో ఫౌంటెన్లు వదులుతారు. దానికి తోటకి టికెట్ ఉంటుంది, ఫర్వాలేదు, కట్టండి. నీళ్లు లేని వర్సాయ్ తోట సగం తోటే. ఆ నీళ్ల కోసం 1684 నాటికి సీన్ నది మీద 14 పెద్ద చక్రాలతో, 200కు పైగా పంపులతో ఒక యంత్రం కట్టారు, అయినా అన్ని ఫౌంటెన్లకీ ఒకేసారి చాలేవి కావు, రాజు నడిచొచ్చే దారిలో ఉన్నవి మాత్రం వదిలి, ఆయన దాటిపోగానే కట్టేసేవాళ్లు. మోటారు వేయడానికి కరెంటు టైము చూసుకునే మీకు ఆ తిప్పలు వేరే చెప్పక్కర్లేదు.

వర్సాయ్ రాజమందిరం లోపలికి వెళ్లాలా అంటే, మీరు వెళ్తున్నది తోటల కోసం, వదిలేయండి. ఆ డబ్బుతో పారిస్‌లో ఒరాంజరీ మ్యూజియం చూడండి, మోనే కలువల పెద్ద చిత్రాలు ఎనిమిది అక్కడ రెండు కోలగా ఉండే గదుల్లో ఉన్నాయి. మంగళవారం సెలవు. అది ఉన్న త్విలెరీ తోట కూడా లె నోత్ర్ దిద్దిందే, అక్కడికీ లక్సంబర్గ్ తోటకీ టికెట్టే లేదు.

నెల విషయంలో మాత్రం పట్టుబడతాను: సెప్టెంబర్ మొదట్లో వెళ్లండి. మీ వానాకాలం అమ్మకాల హడావిడి కాస్త తగ్గుతుంది, విలాండ్రీ కూరగాయలు నిండుగా ఉంటాయి, జివెర్నీలో నడిమి దారంతా నస్టర్షియం తీగలు అల్లుకుని ఉంటాయి, కలువలు ఇంకా పూస్తుంటాయి.

ఇక డబ్బు. విమానం ఇద్దరికీ 1,50,000. వీసా పెద్దవాళ్లకి 90 యూరోలు, దానికి తోడు వీసా సెంటర్ చార్జీ, కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్స్, అన్నీ కలిపి ఇద్దరికీ 30,000. పారిస్‌లో ఆరు, తూర్‌లో రెండు, మొత్తం ఎనిమిది రాత్రులు, రోజుకి 120 యూరోల చొప్పున 1,05,600. తిండికి రోజుకి 60 యూరోలు, తొమ్మిది రోజులకి 59,400. రైళ్లు, టాక్సీ, తోటలు, మ్యూజియం అన్నీ 530 యూరోలు, 58,300. మొత్తం 4,03,300. ఎఫ్‌డీలో ఇంకా 26,700 మిగులుతుంది. అత్యవసరానికి అది చాలదు, ఇప్పటినుంచి నెలకి ఐదు వేలు పక్కన వేయండి, వెళ్లే నాటికి ఇంకో యాభై వేల దాకా చేరుతుంది. ఖర్చు కాకపోతే తిరిగొచ్చాక షేడ్ నెట్లకే వాడుకోండి.

ఏజెంటు ప్యాకేజీ వద్దంటున్నాను, మీకు కావలసినంత సేపు తోటలో ఉండనివ్వరు కాబట్టి. విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా పట్టుకునే పన్ను) కూడా వసూలు చేస్తారు, అది రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది గానీ అప్పటిదాకా మీ డబ్బు ఇరుక్కుపోయినట్టే. వీసా రాకముందు రద్దుకి వీల్లేని టికెట్లు కొనొద్దు. వీసా ఫైలు పెట్టే ముందు ఎవరి దగ్గరో అప్పు తెచ్చి ఖాతా నింపొద్దు, స్టేట్‌మెంట్‌లో అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఫారెక్స్ కార్డులో యూరోలు ఒకేసారి కాకుండా రెండు మూడు విడతల్లో వేసుకోండి. అక్కడ మెషీన్ రూపాయల్లోనా యూరోల్లోనా అని అడిగితే ఎప్పుడూ యూరోలే నొక్కండి.

ఇంకొకటి, మీరు నర్సరీవాళ్లు కాబట్టి చెప్పాలి. అక్కడ గింజలు, దుంపలు, చిన్న అంట్లు చూస్తే చెయ్యి ఊరుకోదు. దిగుమతి అనుమతి, అక్కడి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా తెస్తే ఇక్కడ విమానాశ్రయంలో పట్టేసుకుంటారు. కొనకండి. ఒక చిన్న నోటుబుక్కు తీసుకెళ్లి నచ్చిన ప్రతి మొక్కకీ బోర్డు మీద ఉన్న లాటిన్ పేరు రాసుకోండి, పేరుంటే ఆ రకం మన దగ్గర ఎవరైనా పెంచుతున్నారో లేదో కడియంలోనే వాకబు చేసుకోవచ్చు.