బరువు నిలిచేదాకా ఆరబెట్టు

నల్లగొండ

చిరంజీవి అమ్ములుకు పెద్దనాన్న ఆశీస్సులు.

నువ్వు కెమిస్ట్రీలో పీహెచ్‌డీకి చేరుతున్నావని నిన్న మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. దేవరకొండలోని మన ఇంటి నుంచి ఇంత చదువుకు వెళ్తున్న మొదటి ఆడపిల్లవు నువ్వే. సంతోషం పట్టలేక మీ పెద్దమ్మకు రెండుసార్లు చెప్పాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

అణువులోని హైడ్రోజన్లను గీతలుగా చూపే ఎన్‌ఎంఆర్ యంత్రానికి నాలుగైదు మిల్లీగ్రాముల శాంపిల్ చాలు, నలకలుంటే వడగట్టాలి. అవన్నీ నీ సీనియర్లు చెబుతారు. శాంపిల్‌లో ద్రావకం మిగలకుండా ఆరబెట్టడం గురించి నేను చెబుతాను.

నేను పరిశోధన చేసిన రోజుల్లో మాకు ఆ యంత్రం లేదు. శాంపిల్ వేరే ఊరికి పంపితే ఆ గీతల కాగితం, అంటే స్పెక్ట్రం, రావడానికి మూడు వారాలు పట్టేది. నేను తయారుచేయాల్సిన పదార్థంలో బెంజీన్ రింగుతో పాటు ఇథైల్ ఎస్టర్, ఎసిటైల్ అనే రెండు అణుభాగాలూ ఉండాలి. కాగితం రాగానే కిటికీ దగ్గరికి పరుగెత్తాను. కాగితం అడుగున ఉన్న కొలత మీద 4.12 దగ్గర నాలుగు గీతల గుంపు, 1.26 దగ్గర మూడు గీతలు, 2.05 దగ్గర ఒంటిగా పొడవైన గీత. ఆ రెండు భాగాల గీతలే, ఇంకేం కావాలి! నోటుబుక్కులో ఎర్ర సిరాతో ‘వచ్చింది’ అని రాసి, మీ నాయనమ్మకు మిఠాయి పొట్లం తెచ్చాను.

దానితో నాలుగు నెలలు తర్వాతి చర్యలు చేశాను. ఒక్కటీ జరగలేదు. చివరికి స్కేలు పెట్టి కాగితం మీది ఇంటిగ్రేషన్ మెట్లు కొలిచాను. ఏ గీత ఎన్ని హైడ్రోజన్లదో చెప్పేది ఆ మెట్ల ఎత్తే. ఆ మూడూ రెండు, మూడు, మూడుగా చక్కగా కుదిరాయి. బెంజీన్ రింగు మెట్టు నాలుగు రావాల్సిన చోట ఒకటిన్నర కూడా లేదు. నేను చూసి మురిసిపోయింది శుద్ధి చేసే కాలమ్‌లో నేనే పోసిన, సరిగా ఆరని ద్రావకం ఇథైల్ ఎసిటేట్‌ను! దానిలోనూ ఇథైల్, ఎసిటైల్ భాగాలే ఉంటాయి. నా పదార్థం అసలు తయారే కాలేదు. ఆ మెట్టు పొట్టిగా ఉందని మొదటి రోజే కంటబడింది తల్లీ. చూడదలచుకోలేదు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

1951లో స్టాన్‌ఫర్డ్‌లో ఆర్నాల్డ్, ప్యాకర్డ్‌లతో కలిసి మన దేశస్థుడు ధర్మట్టి ఇథైల్ ఆల్కహాల్‌లో మూడు పీక్‌లు విడివిడిగా చూపించారు. వాటి వైశాల్యాలు ఒకటి, రెండు, మూడు. అణువులోని హైడ్రోజన్ల లెక్క అదే. ఆ ఎక్కం వదిలేసి గీతల అందం చూశాను నేను. నువ్వు శాంపిల్‌ను వాక్యూమ్ పంపుకు పెట్టి తూకం వేయి, మళ్లీ పెట్టి మళ్లీ వేయి. బరువు నిలిచేదాకా ఎన్‌ఎంఆర్ ట్యూబు ముట్టుకోకు. సమయం లేదని నాకు చెప్పకు, కోపం వస్తుంది.

ఇంకొకటి. చున్నీకి పిన్నీసులు పెట్టుకుంటావు కదా, యంత్రం ఉన్న గదిలోకి వెళ్లేముందు తీసేయి. 400 మెగాహెర్ట్జ్ యంత్రమంటే 9.4 టెస్లా అయస్కాంతం. లోపల ద్రవ హీలియం ఉంటుంది. ఎప్పుడైనా అది ఒక్కసారిగా ఆవిరై, పెద్దగా బుస్సుమని తెల్లటి పొగ లేస్తే, గదిలో ఊపిరికి గాలి మిగలదు. ట్యూబు వదిలేసి బయటికి పరుగెత్తు. శాంపిల్ మళ్లీ చేసుకోవచ్చు, నువ్వు మాకు ఒక్కదానివే.

మొదటి స్పెక్ట్రం రాగానే ఫోటో పంపు. అంకెలు కంప్యూటరే వేస్తుందని తెలుసు. అయినా స్కేలు దగ్గర పెట్టుకుని కూర్చుంటాను.

మీ పెద్దనాన్న