మూడు ఎంఎస్‌ఐలున్న సెటప్‌లో షార్ట్‌కట్ ఎంతవరకు రిపేర్ చేస్తుంది?

మీ సెటప్‌లో మొదటి ఎంఎస్‌ఐ(విండోస్ ఇన్‌స్టాలర్ ప్యాకేజీ)లోని ఫైలును తొలగించి షార్ట్‌కట్ నొక్కితే అది తిరిగి వస్తోందని, రెండో ఎంఎస్‌ఐలోని డీఎల్‌ఎల్‌ను (ప్రోగ్రామ్ వాడుకునే కోడ్ లైబ్రరీ ఫైలును) తొలగిస్తే మాత్రం ప్రోగ్రామ్ తెరుచుకోవడం లేదని అడిగారు. ఇందులో మీ పొరపాటేమీ లేదు; అడ్వర్టైజ్డ్ షార్ట్‌కట్ పరిధి అంతే.

ఆ షార్ట్‌కట్‌లో మామూలు ఫైల్ పాత్‌కు బదులు ప్రోడక్ట్, ఫీచర్ (ప్రోడక్ట్‌లో ఒక భాగం), కాంపోనెంట్ (ఫీచర్‌లోని ఫైళ్ల చిన్న కట్ట) అనే మూడింటి గుర్తింపు ఉంటుంది. నొక్కగానే విండోస్ ఇన్‌స్టాలర్ ఆ ఫీచర్‌లోనూ దాని పై ఫీచర్లలోనూ ఉన్న కాంపోనెంట్ల కీపాత్‌లను (కాంపోనెంట్ ఉందో లేదో తేల్చే గుర్తును, సాధారణంగా ఒక ఫైలును) సరిచూసి, ఒక్కటి కనబడకపోయినా రిపేర్ మొదలుపెడుతుంది. కీపాత్ కాని ఫైలు పోతే, అదే ప్యాకేజీలోనిదైనా, దానికి పట్టదు. రెండో ఎంఎస్‌ఐ అసలు వేరే ప్రోడక్ట్. బూట్‌స్ట్రాపర్ (ప్యాకేజీలను వరుసగా ఇన్‌స్టాల్ చేసే సెటప్ ప్రోగ్రామ్) మూడింటినీ ఒకే మూటగా కట్టి ఇచ్చినా, షార్ట్‌కట్ తన ప్రోడక్ట్ గడప దాటదు.

నాకు ఎదురైంది దీనికి తలకిందులైన సమస్య. ఒకే సెట్టింగ్స్ ఫైలును మా రెండు ప్యాకేజీలు ఒకే ఫోల్డర్‌లో, వేర్వేరు కాంపోనెంట్ కోడ్‌లతో (గుర్తింపులతో) పెట్టేవి. ఒకదాన్ని తీసేస్తే ఫైలు కూడా పోయేది. రెండోదాని షార్ట్‌కట్ నొక్కితే రిపేర్ మొదలై, ఎప్పుడో చెరిపేసిన తాత్కాలిక ఫోల్డర్‌లోని సెటప్ ఫైళ్లను చూపమని అడిగేది. రద్దు చేసి మళ్లీ నొక్కితే మళ్లీ అదే ప్రశ్న. రెండు రోజులు మా కోడ్‌నే అనుమానించాను. చివరికి ఈవెంట్ వ్యూయర్‌లోని అప్లికేషన్ లాగ్‌లో ఎంఎస్‌ఐ ఇన్‌స్టాలర్ పేరిట ఉన్న 1004 ఎంట్రీ, ఏ కాంపోనెంట్‌కు చెందిన ఏ ఫైలు కనబడలేదో పూర్తి పాత్‌తో సహా చెప్పింది. ఆ కాంపోనెంట్‌ను మెర్జ్ మాడ్యూల్‌గా (పలు ప్యాకేజీల్లో కలపగల ఉమ్మడి ముక్కగా) మార్చి రెండు ప్యాకేజీల్లోనూ ఒకే కోడ్‌తో చేర్చాక, ఒకదాన్ని తీసేసినా ఫైలు నిలిచింది.

మీ విషయంలో, ప్రోగ్రామ్ తెరుచుకోవడానికి తప్పనిసరైన డీఎల్‌ఎల్‌ను షార్ట్‌కట్ ఉన్న ఫీచర్‌లోకే, దానికదే కీపాత్‌గా ఉండే కాంపోనెంట్‌గా తీసుకురావడం మేలు. విడిగానే ఉంచాలంటే, ప్రోగ్రామ్ మొదట్లో ఎంఎస్‌ఐ ప్రొవైడ్ కాంపోనెంట్ ఫంక్షన్‌ను పిలిస్తే అది రెండో ప్రోడక్ట్‌ను సరిచూసి, అవసరమైతే రిపేర్ చేస్తుంది. అయితే ఆ డీఎల్‌ఎల్‌ను డిలే లోడ్‌గా (మొదటిసారి అవసరమైనప్పుడే లోడ్ అయ్యేలా) పెట్టాలి. లేకపోతే మీ కోడ్‌లో మొదటి వరుస నడవకముందే విండోస్ లోడర్ చేతులెత్తేస్తుంది.