అమెరికా బేస్‌బాల్ ప్లేఆఫ్స్‌లో ఎవరు గెలుస్తారో ముందే చెప్పగలమా?

సీజన్‌లో ఎక్కువ మ్యాచ్‌లు గెలిచిన జట్టే టైటిల్ కొడుతుందా అని అడిగారు. చాలాసార్లు కొట్టదు. అక్కడి అగ్రశ్రేణి పోటీ మేజర్ లీగ్‌లో ఒక్కో జట్టు సీజన్‌కు 162 మ్యాచ్‌లు ఆడుతుంది, అన్నేసి మ్యాచ్‌ల్లో అదృష్టం పెద్దగా లెక్కలోకి రాదు. ప్లేఆఫ్స్‌లో తొలి రౌండ్ మహా అయితే మూడు మ్యాచ్‌లే, తర్వాతది అయిదు, ఆపైన ఏడేసి. రెండు రోజులు బాగా ఆడకపోతే ఇంటికే. 2001లో 116 గెలిచిన సియాటిల్ మారినర్స్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ దాకా కూడా రాలేదు. 2023లో వంద, అంతకుమించి గెలిచిన మూడు జట్లూ డివిజన్ సిరీస్‌లోనే (అయిదు మ్యాచ్‌ల రౌండ్) ఓడాయి; 90 గెలిచిన టెక్సస్ రేంజర్స్ ఛాంపియన్!

అందుకే నేను గెలుపుల పట్టిక కన్నా ముందు పిచర్లను, అంటే మన బౌలర్లలా బంతి విసిరేవాళ్లను చూస్తాను. సీజన్‌లో సాధారణంగా అయిదుగురు వంతులవారీగా మ్యాచ్ మొదలుపెడతారు. ప్లేఆఫ్స్‌లో మధ్యమధ్య విశ్రాంతి రోజులుంటాయి కాబట్టి మేటి ముగ్గురు నలుగురితో నెట్టుకురావచ్చు. 2025 వరల్డ్ సిరీస్‌లో లాస్ ఏంజెలెస్ జట్టు డాడ్జర్స్ పిచర్ యమమోటో ఆరో మ్యాచ్ మొదలుపెట్టి, మర్నాడే ఏడో మ్యాచ్ చివర్లో మళ్లీ వచ్చి గెలిపించాడు. టీ20లో బుమ్రాకైనా నాలుగే ఓవర్లు, బేస్‌బాల్‌లో ఆ హద్దు లేదు.

వచ్చే అక్టోబర్ ప్లేఆఫ్స్‌లో ఎవరంటే డాడ్జర్స్ పేరే చెబుతాను. డబ్బు పెట్టమంటే మాత్రం ప్లేఆఫ్స్‌కు వచ్చే పన్నెండింటిలో మిగతా పదకొండు జట్ల వైపే.