దొర తోటలో ఫ్లాటు: తాళంచెవి అన్న దగ్గర, మరి వాటా?

ప్రశ్న: నా పుట్టిల్లు హనుమకొండ, ఇప్పుడు కరీంనగర్‌లో ఉంటున్నాను. మా బాపు రిటైరయ్యాక 2012లో ఊరికి ఇరవై కిలోమీటర్ల అవతల ఒక పాత దొర తోటలో కట్టిన అపార్టుమెంటులో రెండు బెడ్రూముల ఫ్లాటు కొన్నాడు. ఆరెకరాల మామిడి తోట, నడుమ గడి (దొరలుండే పాత కోటలాంటి ఇల్లు), పక్కన మెట్లబావి. మొత్తం 96 ఫ్లాట్లు. అక్కడ ఉండిపోవడానికి కాదు, ఎండాకాలం సెలవులకు, బతుకమ్మ పండుగకు అందరం ఒకచోట చేరడానికి కొన్నాడు. 2021లో బాపు పోయాడు. అమ్మ చిన్నన్న దగ్గర ఉంటుంది. పెద్దన్న తాళంచెవి తనే పెట్టుకుని శని, ఆదివారాలు ఫ్లాటును కిరాయికి ఇస్తున్నాడు. ఇప్పుడు తన సగం వాటాను దోస్తుకు అమ్ముతానంటున్నాడు. నా పెళ్లికి పదిహేను తులాల బంగారం పెట్టారు కాబట్టి నాకేమీ రాదట. బాపు సంవత్సరీకం నాడు వంద రూపాయల స్టాంపు కాగితం మీద 'నాకు వాటా వద్దు' అని నాతో సంతకం చేయించి, నోటరీ ముద్ర కూడా వేయించారు. ఇంతలో బిల్డరు బావి పక్కన ఇంకో బ్లాకు కడతానని పెద్ద చింతచెట్టుకు సున్నంతో గుర్తు పెట్టించాడు. నాకు వాటా ఉందా? తోటను ఆపగలమా? అంత పాత గడి కదా, పురావస్తు శాఖ పట్టించుకోదా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు తగువులున్నాయి. ఒకటి ఇంట్లోది, ఇంకొకటి తోటది. ఇంట్లోదాని గురించి మూడు పేజీలు రాసి, తోట సంగతి చివర్లో నాలుగు ముక్కల్లో ముగించారు. నన్నడిగితే తోటదే తొందర. మీ అన్నతో తగువు ఆరు నెలలు ఆగినా మీ వాటా ఎటూ పోదు. సున్నం గుర్తు పడిన చెట్టు మాత్రం ఆరు వారాలు కూడా ఆగకపోవచ్చు. అయినా మీ మనసు ముందు వాటా మీద ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీ నాన్నగారు తన సంపాదనతో కొన్న ఫ్లాటు అది, అంటే స్వార్జితం. వీలునామా లేకుండా పోతే హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 8 ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమానంగా వస్తుంది. మీ ఇంట్లో అమ్మ, ఇద్దరన్నలు, మీరు. తలా పావలా వంతు. పెద్దన్న 'సగం' అంటున్నాడంటే అమ్మను, మిమ్మల్ని లెక్కలోంచి తీసేశాడన్నమాట. పెళ్లికి పెట్టిన బంగారం వాటా కిందికి రాదు. ఇలాంటి ఉత్తరం వచ్చినప్పుడల్లా 2005 సవరణ గురించి, 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి అడుగుతుంటారు. అవి పిత్రార్జితంలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఇచ్చినవి. తండ్రి స్వార్జితంలో ఆడబిడ్డకు సమాన వాటా 1956 నుంచే ఉంది, ఈ సంగతి మన ఇళ్లలో చాలామందికి ఇప్పటికీ తెలియదు.

మీ అన్నలు రేపు కోర్టులో 'ఊళ్లో తాతల పొలం అమ్మి కొన్నాడు, అది ఉమ్మడి ఆస్తి' అని వాదించొచ్చు. వాదించనివ్వండి. అప్పుడు నాన్నకు, ముగ్గురు పిల్లలకు ముందు తలా నాలుగో వంతు వేసి, నాన్న వంతును మళ్లీ నలుగురికి పంచుతారు. మీ వాటా పదహారింట ఐదు వంతులవుతుంది, పావలా కంటే ఎక్కువ. తగ్గేది అమ్మకే. ఆ వాదన మొదలైతే అమ్మ పక్కన నిలబడాల్సింది మీరే.

వీలునామా సంగతి ఒకసారి తేల్చుకోండి. 'ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే పత్రం) తీశాం, అందులో ఏమీ లేదు' అని ఊరుకోవద్దు. రిజిస్టరైన వీలునామా ఈసీలో కనపడదు, దాన్ని వేరే పుస్తకంలో రాస్తారు. రాసినాయన బతికున్నంతకాలం నకలు ఆయనకే ఇస్తారు. చనిపోయాక ఎవరు దరఖాస్తు పెట్టినా ఇస్తారు. మీ నాన్నగారి మరణ ధ్రువీకరణ పత్రం పట్టుకుని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు ఒకసారి వెళ్లి రండి. రిజిస్టరు కాని వీలునామా కూడా చెల్లుతుంది, అయితే అది ఉందన్నవాళ్లే సాక్షులను తెచ్చి రుజువు చేయాలి.

ఇక నోటరీ కాగితం. మీకు నిద్ర పట్టకుండా చేస్తున్నది ఇదేనని మీ రాతలోనే తెలుస్తోంది. వంద రూపాయలకు మించిన స్థిరాస్తిలో హక్కు వదులుకోవాలంటే ఆ పత్రం రిజిస్టరు కావాలి. ఎన్ని ముద్రలు వేసినా నోటరీ చేసిన కాగితం రిజిస్ట్రేషన్‌కు సమానం కాదు. సంతకం మీదే అని నోటరీ చెప్పగలడు, మీ పావలా వంతును అన్న పేరు మీదికి మార్చలేడు. కోర్టులో ఆ కాగితం పెట్టి 'హక్కు పోయింది' అంటే చెల్లదు. కాకపోతే దానికి బదులుగా డబ్బు పుచ్చుకుని ఉంటే ఆ సంగతి మీ వకీలు దగ్గర దాచొద్దు, లెక్కలో సర్దుకోవాల్సి వస్తుంది. ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోండి: సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్ర వేసిన రోజు కథ మారిపోతుంది. 'ఊరికే ఫార్మాలిటీ, ఒక్క అరగంట రా చెల్లే' అని ఫోనొస్తే వెళ్లకండి.

దోస్తుకు అమ్మడం గురించి. మీ అన్న తన పావలా వంతు వరకు అమ్ముకోవచ్చు, అంతకు మించి ఒక గజం కూడా అమ్మలేడు. అయితే హిందూ వారసత్వ చట్టంలోనే సెక్షన్ 22 అని ఒకటుంది, దాన్ని వాడుకునేవాళ్లు తక్కువ. వారసుల్లో ఒకరు తన వాటా అమ్మబోతే మిగతా వారసులకు ముందుగా కొనే హక్కు ఉంటుంది. ధర దగ్గర కుదరకపోతే కోర్టు నిర్ణయిస్తుంది. కాబట్టి మీరు, చిన్నన్న, అమ్మ కలిసి 'మేం కొంటాం' అని లాయరు నోటీసు ఇప్పించండి. ఒక ప్రతి ఆ దోస్తుకు కూడా పంపండి, తగువులో ఉన్న ఆస్తి అని తెలిశాక చాలామంది వాళ్లంతట వాళ్లే వెనక్కి తగ్గుతారు. సబ్‌రిజిస్ట్రారుకు అర్జీ పెడితే రిజిస్ట్రేషన్ ఆగుతుందనుకోకండి. ఆపాలంటే కోర్టు ఇంజంక్షన్ కావాలి. అమ్మకం జరిగిపోయినా ఈ హక్కు కోసం దావా వేయడానికి ఒక ఏడాది గడువు ఉంటుంది.

కుటుంబం నివసించే ఇంట్లో వాటా కొన్న బయటివాడు లోపలికొచ్చి కలిసి ఉంటాననడానికి వీల్లేదని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 44లో ఉంది. మీ విషయంలో దీని మీద మరీ ఎక్కువ ఆశ పెట్టుకోవద్దంటాను. 'ఇది నివాసమే కాదు, వారం వారం కిరాయికిచ్చే సెలవుల ఫ్లాటు' అని అవతలి వకీలు మొదటి వాయిదాలోనే అంటాడు. ఆ కిరాయి లెక్క మాత్రం మీ అన్న చెప్పి తీరాలి. తనే ఉంటే ఒక సంగతి, బయటివాళ్ల దగ్గర తీసుకున్న కిరాయిలో మిగతా సహ యజమానులకు వాటా ఉంది. కరెంటు బిల్లు, మెయింటెనెన్స్ పోను మిగిలినదాంట్లో నాలుగో వంతు మీది. ఫోన్ యాప్‌లో ఫ్లాటు ఫొటోలు, రేటు పెట్టి ఉంటే ఈ రాత్రే స్క్రీన్‌షాట్లు తీసి దాచండి.

ఇప్పుడు తోట. మీ నాన్నగారి సేల్ డీడ్ తీయండి. అన్న ఇవ్వకపోతే సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోవచ్చు. చివరి పేజీల్లో షెడ్యూళ్లు ఉంటాయి. ఒకదాంట్లో మొత్తం స్థలం ఎంతో, దాని నాలుగు హద్దులేమిటో ఉంటుంది. ఇంకోదాంట్లో మీ ఫ్లాటు, దానితో వచ్చే విడదీయని భూమి వాటా గజాల్లో ఉంటుంది. కొనేటప్పుడు మనవాళ్లు గదులు కొలుస్తారు, కప్‌బోర్డులు చూస్తారు, ఈ పేజీ చదవరు.

ఒక లెక్క వేద్దాం. ఎకరానికి 4,840 గజాలు, ఆరెకరాలంటే 29,040. దాన్ని 96 ఫ్లాట్లకు సమానంగా పంచితే తలా 302 గజాల చిల్లర రావాలి. మీ డీడ్‌లో దాదాపు అంత ఉంటే తోట మొత్తం మీ అందరిదీ. అలా కాకుండా ఏ వంద గజాలో ఉందనుకోండి. 96 వందలు 9,600, అంటే రెండెకరాలకు కొంచెం తక్కువ. బిల్డరు రెండెకరాల మీదనే ఫ్లాట్లు అమ్మి, గడి, బావి, మిగతా నాలుగెకరాల చెట్లు తన దగ్గరే ఉంచుకున్నాడన్నమాట. బ్రోచరులో మామిడికాయలు చూపించాడు, దస్తావేజులో సిమెంటు రాసిచ్చాడు. ఇలాంటి డీడ్లు నేను కొన్ని చూశాను, అందుకే ముందు గజాలు చూడమంటున్నాను.

మొదటి రకమైతే దారి సులువు. అపార్టుమెంట్ల చట్టం 1987 ప్రకారం ఉమ్మడి స్థలం ఫ్లాటు యజమానులందరిదీ, దాన్ని విడగొట్టి బిల్డరు ఇంకొకరికి అమ్మలేడు. రెండో రకమైనా చేతులెత్తేయొద్దు. 2012 నాటి అనుమతి ప్లానులో ఆ తోటను ఖాళీ స్థలంగా చూపించి పర్మిషన్ తెచ్చుకుని ఉంటే, భూమి తన పేరు మీదే ఉన్నా సరే, ఆ ఖాళీని ఇప్పుడు ఇష్టమొచ్చినట్టు మింగేయడానికి వీల్లేదు. కాబట్టి కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థకు, మనం 'కుడా' అంటామే దానికి, సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. పాత ప్లాను నకలు, కొత్త బ్లాకుకు అనుమతి అడిగారా లేదా, అడిగితే ఏ సర్వే నంబరు చూపించారు, ఈ మూడే అడగండి. ఫీజు పది రూపాయలు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అనుమతి అప్పటి గ్రామపంచాయతీ పేరు మీద ఉంటే అక్కడ కూడా అడగండి.

రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం కింద ఫిర్యాదు చేయొచ్చా అని మీ పక్క ఫ్లాటాయన అడుగుతున్నాడని రాశారు. మీ బ్లాకుకు అది వర్తించదు. మన రాష్ట్రంలో రెరా నిబంధనలు 2017 జనవరి 1 నుంచి అనుమతి పొందిన ప్రాజెక్టులకే. కొత్త బ్లాకు సంగతి వేరు. 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ఫ్లాట్లు దాటినా రెరా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు. రెరా వెబ్‌సైటులో చూడండి. రిజిస్టరు చేయించి ఉంటే భూమి పత్రాలు అక్కడే దొరుకుతాయి, చేయించకపోతే అదే ఒక ఫిర్యాదు. ఇవన్నీ మీరొక్కరే చేయకండి, అసోసియేషన్ తీర్మానం చేసి చేస్తే బరువుంటుంది. పెద్దన్నను కూడా ఆ కాగితం మీద సంతకం పెట్టమనండి. తోట పోతే వారాంతం కిరాయికి ఎవరొస్తారో ఆయనకే బాగా తెలుసు.

పురావస్తు శాఖ మీద మీరు పెట్టుకున్న ఆశ కొంచెం తగ్గించుకోవాలి. పాతదైనంత మాత్రాన గడి రక్షిత కట్టడం కాదు, ప్రభుత్వం నోటిఫై చేస్తేనే అవుతుంది. వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట, పాలంపేట రామప్ప లాంటి కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ వంద మీటర్ల దాకా కొత్త కట్టడం నిషేధం, ఆపై ఇంకో రెండు వందల మీటర్లు అనుమతితోనే కట్టాలి. మీ తోట వాటికి దరిదాపుల్లో లేదు. రాష్ట్రానికి 2017 నాటి వారసత్వ పరిరక్షణ చట్టం ఉంది. గడిని, మెట్లబావిని దాని కింద గుర్తించమని రాష్ట్ర వారసత్వ శాఖకు ఫొటోలతో అర్జీ పెట్టొచ్చు. పెట్టండి కూడా, కానీ బుల్డోజరు కంటే ముందు జవాబొస్తుందని ఎదురుచూడకండి. ఆ అర్జీలో 'కాకతీయుల బావి' అని రాయకండి. మన దగ్గర నాలుగు మెట్లున్న ప్రతి బావీ కాకతీయులదే అంటాం. శాసనమో, శిల్పమో ఉంటే ఫొటో పెట్టండి, లేకపోతే 'పాత రాతి మెట్లబావి' అంటే చాలు.

చింతచెట్టుకు మాత్రం వెంటనే పనికొచ్చేది వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం. చెట్టు కొట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. రేపే అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు, తహసీల్దారుకు లిఖితపూర్వకంగా ఇవ్వండి: ఫలానా చోట ఇన్ని చెట్లకు సున్నం గుర్తు పెట్టారు, అనుమతి ఉందో లేదో చూడండి అని. చెట్టు, గుర్తు, వెనకాల గడి గోడ ఒకే ఫొటోలో వచ్చేలా తీయండి. ఇచ్చిన కాగితానికి రసీదు ముద్ర వేయించుకోండి.

కుటుంబం వైపు మళ్లీ వస్తే, నేనైతే నేరుగా పంపకాల దావా వేయించను. రెండు గదుల ఫ్లాటును నాలుగు ముక్కలు చేయలేరు, ఏళ్లు గడిచాక కోర్టు దాన్ని మీలో ఒకరికి అప్పగిస్తుంది, లేదా వేలం వేయిస్తుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెడితే అన్నను పిలిపించి మాట్లాడతారు. కుదిరితే లోక్ అదాలత్ అవార్డు ఇస్తారు, అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. మహిళలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా వకీలును పెడతారు. అంటే మీకూ, అమ్మకూ కూడా.

చివర్లో అడిగారు, తాళం పగలగొట్టి లోపలికి పోవచ్చా అని. వద్దు. మీ హక్కు మీకున్నా పోలీస్ స్టేషన్‌లో కథ వేరేలా చెప్తారు. అమ్మను వెంటబెట్టుకుని వెళ్లండి. రెండు రోజుల ముందే అన్నకు వాట్సాప్‌లో 'ఆదివారం అమ్మ, నేను వస్తున్నాం, తాళం వాచ్‌మన్ దగ్గర పెట్టు' అని పంపండి. పెడితే సంతోషం, బావి దగ్గర కూర్చుని ఆ చెట్ల ఫొటోలు తీసుకుని రండి. పెట్టకపోతే ఆ మెసేజ్ అలాగే ఉంచండి, దాన్ని కోర్టులో ఎలా వాడాలో మీ వకీలు చూసుకుంటాడు.