లో-ప్రెషర్ సోడియం దీపాన్ని నిలువుగా బిగించవచ్చా?

వాటేజీని బట్టి, క్యాప్ (హోల్డర్‌లో బిగించే కొస) ఎటువైపు ఉంటుందన్నదాన్ని బట్టి దీనికి జవాబు మారుతుంది. ఈ దీపంలో U ఆకారపు గాజు గొట్టం, అందులో నియాన్, కొద్దిగా ఆర్గాన్, కాస్త సోడియం లోహం ఉంటాయి. సోడియం సుమారు 98 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది. వెలుగుతున్నప్పుడు గొట్టం దాదాపు 260 డిగ్రీలకు చేరుతుంది కాబట్టి, ఆవిరి కాకుండా మిగిలిన లోహమంతా ద్రవంగానే ఉంటుంది. ద్రవం పల్లానికి జారడం సహజం.

ఆరిన దీపాన్ని దగ్గరగా చూస్తే గొట్టం పొడవునా చిన్న బుడిపెలు, వాటిలో వెండిలా మెరిసే సోడియం చుక్కలు కనిపిస్తాయి. మిగతా గోడకన్నా కొంచెం చల్లగా ఉండే ఆ బుడిపెలే లోహాన్ని గొట్టమంతటా పంచి నిలుపుతాయి. దీపం మరీ వాలితే ఆ ఏర్పాటు చెదిరి, సోడియం ఒక కొసన పోగవుతుంది. సోడియం కరువైన భాగం 589 నానోమీటర్ల పసుపు కాంతికి బదులు నియాన్ ఎరుపుతో మందంగా వెలుగుతుంది. క్యాప్ కిందికి ఉంటే మరీ చేటు, ఎందుకంటే ఎలక్ట్రోడ్లు గాజులోకి ప్రవేశించే అతుకుల దగ్గరే ద్రవ సోడియం చేరుతుంది.

అందుకే 90, 135, 180 వాట్ల పొడవైన దీపాలను అడ్డంగా, అటూ ఇటూ 20 డిగ్రీల వాలుకు మించకుండా బిగించాలని తయారీదారులు నిర్దేశించారు. పొట్టివైన 18, 35, 55 వాట్ల దీపాలను సాధారణంగా క్యాప్ పైకి ఉండేలా నిలువుగానూ వాడవచ్చు. బల్బు మార్చేటప్పుడు మాత్రం, అది పూర్తిగా చల్లారేదాకా కదపకండి.