నాన్నగారి ఫోన్‌లో చలానా ఏపీకే: అన్‌ఇన్‌స్టాల్ కావట్లేదన్న ప్రశ్నకు సమాధానం

వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా పేరుతో వచ్చిన నకిలీ ఏపీకేను (ఆండ్రాయిడ్ యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైల్) నాన్నగారు ఇన్‌స్టాల్ చేశారు, ఇప్పుడది పోవట్లేదు అన్నారు కదండీ. ముందు ఆ ఫోన్‌లో వైఫై, డేటా ఆపి, సిమ్ తీసేయండి. ఇలాంటి యాప్ ఎస్సెమ్మెస్ అనుమతి తీసుకుని ఓటీపీలను బయటికి పంపుతుంది. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి యూపీఐ, నెట్‌బ్యాంకింగ్ ఆపించండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఇందులో ఆలస్యం పనికిరాదు.

అన్‌ఇన్‌స్టాల్ బటన్ నొక్కినా పనిచేయకపోవడానికి మామూలు కారణం, ఆ యాప్‌కు డివైస్ అడ్మిన్ హక్కు (ఫోన్‌పై ప్రత్యేక అధికారం) దక్కడం. సెట్టింగ్స్‌లో పైన వెతికే చోట ‘డివైస్ అడ్మిన్’ అని కొట్టి, అక్కడ దాన్ని ఆపేయండి. సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలోనూ ఆ యాప్ ఆన్‌లో ఉందేమో చూసి ఆపేయండి. ఆ పేజీ తనంతట తనే మూసుకుపోతుంటే సేఫ్ మోడ్‌లో (మనం వేసుకున్న యాప్‌లు నడవకుండా) ఫోన్ ఆన్ చేసి తీసేయండి. ఐకాన్ కనిపించకపోయినా యాప్స్ జాబితాలో ఉంటుంది.

తర్వాత సిమ్ వేసి ##002# డయల్ చేస్తే కాల్ ఫార్వర్డింగ్‌లన్నీ (మీ కాల్స్‌ను వేరే నంబరుకు మళ్లించడం) రద్దవుతాయి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూసి, మీవి కానివి ఉంటే తీసేయండి. బ్యాంకు యాప్ ఉన్న ఫోన్ కాబట్టి, ఫొటోలు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ (ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేయడం) కొట్టడమే నయం. పిన్‌లు, పాస్‌వర్డులు ఆ తర్వాతే మార్చాలి. ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’లో వాట్సాప్‌కు అనుమతి తీసేయండి.